పైసల సలహాదారును వెదుకుట: మా పాత పట్టీ, కొత్త యంత్రం

(సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం పక్షాన చదివిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరం ఈ వేళకు కార్యవర్గం చేసిన పనులు చదవడం ఆనవాయితీ. స్కాలర్‌షిప్పులు ఎన్ని ఇచ్చినాము, కుట్టుమిషన్లు ఎవరెవరికి ముట్టినవి, కంటి శిబిరానికి ఎంత ఖర్చయినది, ఈ లెక్కలన్నీ ఈ సంచికలో వేరే పేజీలలో అచ్చయి ఉన్నవి. చూచుకొనగలరు. ఇప్పుడు మేము మాట్లాడదలచినది ఒక్క విషయమే. అది చెప్పుకొని మురిసిపోయే విషయం కాదు. మేము చేసిన ఒక పొరపాటు. దానిని దిద్దుకొనటానికి ఏడాది పట్టినది.

కొన్నేళ్ళ కిందట మన సొసైటీ తరఫున ఫోనులో చూచుకొనేటట్టు ఒక పట్టీ తయారు చేసిన సంగతి మీకు తెలుసు. డాక్టర్లు, వకీళ్ళు, రక్తదాతలు, వీరితోపాటు "ఫైనాన్షియల్ అడ్వైజర్లు" అని ఒక వరుస. గల్ఫు నుండి పైసలు వచ్చే ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నవి. సింగరేణిలో దిగిపోయి ఒక్కసారి పెద్ద మొత్తం చేతికి అందుకున్నవారు గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వైపు మనవాళ్ళు చాలామంది ఉన్నారు. వారికి పనికివస్తుందని అనుకున్నాము. ఒక ఫారం అచ్చువేయించి పంచినాము. ఎవరు నింపి ఇస్తే వారి పేరు ఎక్కించినాము. పేరు, ఊరు, ఫోను నెంబరు, చేసే పని. ఆ చేసే పని అన్న గడిలో ఎవరికి తోచింది వారు రాసుకున్నారు. మేము అడిగింది లేదు, చూచింది లేదు.

మన సభ్యుల కుటుంబాలలోని ఒక ఆడకూతురు సంగతి చెప్పవలసి ఉన్నది. ఆమె అనుమతితోనే చెబుతున్నాము. పేరు, ఊరు చెప్పము. ఆమె భర్త సౌదీలో పనిచేస్తూ అక్కడే చనిపోయినాడు. కంపెనీ నుండి రావలసిన హక్కు పైసలు, తోటివారు పోగుచేసి పంపినవి, అన్నీ కలిపి పన్నెండు లక్షలు బ్యాంకులో పడినవి. అప్పుడామె ఇద్దత్‌లో ఉన్నది. బయటికి పోయేది లేదు. ఇద్దరు చిన్న పిల్లలు. చేతిలో ఫోను, ఫోనులో మన సొసైటీ పట్టీ. సొసైటీ వాళ్ళు పెట్టినారంటే నమ్మకస్తులే అయి ఉంటారని వరుసలో మొట్టమొదటి పేరు నొక్కింది.

ఆ మొదటి పేరు మొదట ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి. మా పట్టీ అక్షరక్రమంలో ఉండేది. పాత టెలిఫోన్ డైరెక్టరీలు చూచినవారికి ఈ కిటుకు తెలుసు. దుకాణం పేరుకు ముందు ఒక 'ఏ', ఆ పక్కన ఇంకొక 'ఏ' తగిలిస్తే పైకి వచ్చి కూర్చుంటుంది. ఈ పెద్దమనిషి అదే చేసినాడు. మాకు తట్టలేదు.

ఆయన ఇంటికి వచ్చినాడు. మర్యాదగా మాట్లాడినాడు. తలుపు అవతల కూర్చునే కాగితాలు లోపలికి పంపి సంతకాలు తీసుకున్నాడు. మూడు లక్షలు కట్టించినాడు. ఒక్కసారి కడితే పిల్లలు పెద్దయ్యేసరికి రెట్టింపు అవుతుందని ఆమెకు అర్థమయింది. ఆయన అట్లాగే చెప్పినాడా, ఆమె అట్లా విన్నదా, ఆ తగువులోకి ఇప్పుడు పోము. మరుసటి సంవత్సరం కంపెనీ నుండి నోటీసు వచ్చింది: రెండవ వాయిదా మూడు లక్షలు కట్టవలెను. అది పది సంవత్సరాలు, ఏటేటా మూడు లక్షలు కట్టవలసిన బీమా పాలసీ. ఆదాయం లేని ఇల్లు. పాలసీ చేతికి అందిన కొత్తలో వద్దనుకుంటే తిరిగి ఇచ్చే గడువు ఒకటి ఉంటుంది, ఇప్పుడు అది 30 రోజులు. ఆ గడువు ఉన్నదని ఆమెకు చెప్పినవారు లేరు. చివరికి పాలసీ వదులుకుంటే కట్టినదానిలో సగం కూడా రాలేదు.

ఆమె అన్న కార్యవర్గం ముందుకు వచ్చి ఒక్కటే అడిగినాడు. "మీ పట్టీల అడ్వైజరని ఉన్నది గద భాయ్, గాయన అడ్వైజరేనా?" మేము ఫారాలు తీసి చూచినాము. ఆయన బీమా ఏజెంటు. ఏజెంటు పని తప్పు పని కాదు, లైసెన్సు ఉన్న పనే. కానీ ఏజెంటుకు పాలసీ అమ్మితే కంపెనీ కమీషను ఇస్తుంది. సలహాదారు వేరు. ఈ తేడా మా పట్టీలో లేదు. మాలో చాలామందికి తెలియనే తెలియదు. ఆ రోజే ఆ వరుస తీసివేసినాము.

తీసివేసి ఊరుకుంటే పని సులభంగా అయిపోయేది. ఖజాంచీ సాబు అదే అన్నారు, మనకెందుకీ తలనొప్పి అని. కానీ పట్టీ తీసివేసినంత మాత్రాన ఇంటికి వచ్చేవారు ఆగరు కదా.

ఇక్కడ తేడా ఏమిటో కొంచెం వివరంగా చెబుతాము, విసుగు అనుకోవద్దు. మన దేశంలో పెట్టుబడి సలహా రుసుము తీసుకొని చెప్పవలెనంటే సెబీ దగ్గర రిజిస్టరు కావాలి. దీనికి 2013లో నియమావళి వచ్చింది. పరీక్ష పాసు కావాలి. రిజిస్ట్రేషన్ నెంబరు ఐ.ఎన్.ఏ. అనే అక్షరాలతో మొదలవుతుంది. (ఐ.ఎన్.ఏ. అనగానే మా ఖజాంచీ సాబు ఆజాద్ హింద్ ఫౌజు అని అనుకున్నారు. అది కాదు.) ఈయన మన దగ్గర రుసుము తీసుకుంటాడు. మనకు చెప్పిన సలహా మీద కంపెనీల నుండి కమీషను తీసుకొనరాదు. మన డబ్బు తన ఖాతాలో వేయించుకొనరాదు. మనతో కాగితం మీద ఒప్పందం రాసుకోవాలి. స్థిర రుసుము అయితే ఒక కుటుంబం నుండి ఏడాదికి 1,51,000 రూపాయలకు మించి తీసుకొనే వీలు లేదు. అది గరిష్ఠ హద్దు మాత్రమే, అంత ఇవ్వాలని కాదు.

రెండవ వారు మ్యూచువల్ ఫండ్ అమ్మేవారు. వీరికి యాంఫీ అనే సంఘం ఏ.ఆర్.ఎన్. అని నెంబరు ఇస్తుంది. వీరికి కమీషను ఫండు కంపెనీ నుండి వస్తుంది. మూడవ వారు బీమా ఏజెంట్లు. వీరి సంగతి బీమా నియంత్రణ సంస్థ చూస్తుంది. నాలుగవ వారు ఏ నెంబరూ లేనివారు. మన బజార్లలో బోర్డు మీద "అడ్వైజర్", "కన్సల్టెంట్", "వెల్త్" అని రాసుకున్నవారిలో ఈ నాలుగు రకాలవారూ ఉంటారు. నిజానికి మ్యూచువల్ ఫండ్ అమ్మేవారు సెబీ దగ్గర సలహాదారుగా రిజిస్టరు కాకుండా స్వతంత్ర ఆర్థిక సలహాదారు అని పేరు పెట్టుకోరాదని 2020లోనే నియమం వచ్చింది. నియమం వచ్చినంత మాత్రాన బోర్డులు దిగుతాయా?

పేరు చూచి మోసపోవటం మన ఒక్క ఇంటి కథ కాదు. బెంగుళూరులో ఐ.ఎం.ఏ. అనే సంస్థ ఉండేది. దాని పూర్తి పేరు ఐ మానిటరీ అడ్వైజరీ. పేరులోనే సలహా ఉన్నది చూడండి. వడ్డీ కాదు, వ్యాపారంలో లాభం అని చెప్పి మన సముదాయం నుండే వేలమంది దగ్గర డిపాజిట్లు తీసుకున్నది. 2019 జూన్‌లో దాని అధిపతి దుబాయికి పారిపోయినాడు, జూలైలో ఢిల్లీలో పట్టుబడినాడు. అంతకు ముందే 2018 అక్టోబరులో హీరా గ్రూపు అధినేత్రిని హైదరాబాదు పోలీసులు అరెస్టు చేసిన సంగతి, ఆ కేసులు కోర్టుల్లో నడిచిన సంగతి మీకు కొత్తగా చెప్పవలసిన పని లేదు. ఆ వార్త వచ్చిన రోజున మన సభ్యుల ఇళ్ళల్లో కొన్నిటిలో పొయ్యి వెలగలేదు. మనవాళ్ళే అట్లా అని కూడా అనవద్దు. అగ్రిగోల్డులో రెండు తెలుగు రాష్ట్రాలలోనూ, బయట కూడా, లక్షలాది కుటుంబాలు ఇరుక్కున్నవి. అందులో అన్ని మతాలవారూ ఉన్నారు.

అయితే కొత్త పట్టీ ఎట్లా ఉండాలె? సెబీవారి దగ్గర రిజిస్టరు అయినవారి పట్టిక అందరూ చూచుకొనేటట్టు ఉన్నది. యాంఫీవారి దగ్గర ఊరు పేరుతోనో పిన్ కోడుతోనో వెదికే యంత్రం ఉన్నది. బీమా వాళ్ళకూ ఏజెంట్లను వెదికేది వేరే ఉన్నది. అన్నీ ఉన్నవి. అయినా మన ఆడకూతురు వాటి దగ్గరికి పోలేదు, మన పట్టీ దగ్గరికి వచ్చింది. ఎందుకో తెలుసుకోవాలని మేము ఒక పని చేసినాము. ఇంజనీరింగు చదువుతున్న మన ఇద్దరు ఆడపిల్లలు ఇందుకు పూనుకున్నారు. ఆదివారాలు సొసైటీ ఆఫీసులో చాయ్ పెట్టి, వచ్చినవారిని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, చేతికి ఫోను ఇచ్చి, "పైసల సంగతి అడగడానికి ఒక మంచి మనిషిని వెదకండి" అని చెప్పి మేము నోరు మూసుకొని చూచినాము. నోరు మూసుకొనడమే అన్నిటికంటే కష్టమైన పని అయింది.

ఒక్కరు కూడా "ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్" అని కొట్టలేదు. కొట్టమంటే ఏమి కొట్టాలో తెలియక ఖాళీ గడి వైపు చూస్తూ కూర్చున్నారు. మందమర్రి నుండి వచ్చిన ఒక చాచా "ఎల్ఐసీ ఆయన" అని కొట్టినారు. ఒక కుర్రవాడు పైసలు డబుల్ అయ్యే యాప్ అని కొట్టినాడు. వాడిని తర్వాత వేరుగా కూర్చోబెట్టి మాట్లాడవలసి వచ్చింది. ఒక ఖాలా మైకు బొమ్మ నొక్కి ఉర్దూలో రెండు నిమిషాలు తన కథ అంతా చెప్పింది, పాపం, అల్లుడి సంగతితో సహా.

ఊరి పేర్ల గొడవ ఒకటి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినవి. పాత కరీంనగర్ నుండి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల వేరయినవి, కొన్ని మండలాలు ఇతర జిల్లాలకు పోయినవి. ఆదిలాబాద్ నుండి నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ వేరయినవి. బెల్లంపల్లి మనిషి ఇప్పటికీ ఆదిలాబాద్ అనే రాస్తాడు. యంత్రం మంచిర్యాల అంటుంది. వెదికేవానికి ఎవరూ లేరని జవాబు వస్తుంది. పేర్లు మరీ కష్టం. మన పేర్లలో మొహమ్మద్ అని ఒకరు, ముహమ్మద్ అని ఒకరు, ఎండీ అని పొట్టిగా ఒకరు. షేక్, షేఖ్, షైక్. ఇంగ్లీషులోకి పోతే ఇంకా నాలుగు రకాలు. ఒక అక్షరం తేడా పడితే ఉన్న మనిషి లేనివాడవుతాడు. అది తప్పితే ఇంకొక ప్రమాదం: అదే పేరుగల వేరే మనిషి రిజిస్ట్రేషన్ చూచి ఈయనే ఆయన అనుకోవటం.

అన్నిటికంటే మా కళ్ళు తెరిపించిన మాట జగిత్యాల వైపు నుండి వచ్చిన ఒక బీడీలు చుట్టే ఆపా అన్నది. మేము మంచి సలహాదారును వెదకమంటే ఆమె నవ్వింది. "మేమెందుకు దేవులాడ్తం భయ్యా? ఆల్లే వస్తరు. పైసలొచ్చినయని ఆల్లకు మాకంటె ముందుగాల తెలుస్తది."

అదీ అసలు సంగతి. మన ఇళ్ళల్లో సలహాదారును ఎవరూ వెదకరు. ఆయనే వెదుక్కుంటూ వస్తాడు. బ్యాంకులో పెద్ద మొత్తం పడిన వారం లోపల చాయ్ తాగడానికి వచ్చేస్తాడు. దూరపు చుట్టం అయి ఉంటాడు, మసీదులో పక్కన నిలబడేవాడు అయి ఉంటాడు, అందువల్ల కాదనలేము. మనకు కావలసిన యంత్రం మనిషిని వెదికి పెట్టేది కాదు. వచ్చిన మనిషి ఎవరో చెప్పేది. ఇంత చిన్న మాట తెలుసుకొనటానికి మాకు ఆరు నెలలు పట్టింది.

అక్కడి నుండి నమూనా అంతా మార్చినాము. ఇప్పుడు తెరిస్తే ఖాళీ గడి కనబడదు. నాలుగు పెద్ద బటన్లు కనబడతవి, తెలుగులో, ఉర్దూలో. "ఎవరో స్కీము చెప్పిండ్రు, నిజమా?" "చేతికి పైసలొచ్చినయ్, ఎక్కడ పెట్టాలె?" "బీమా కాగితం అర్థమైతలేదు." "అప్పు తీరుతలేదు." ఈ మాటలు మేము కల్పించినవి కావు, కూర్చోబెట్టినప్పుడు జనం నోట వచ్చినవే. వ్యాకరణం తెలిసిన మా పెద్దలొకరు వీటిని శుద్ధమైన భాషలోకి మార్చాలని పట్టుబట్టినారు. వారిమీద గౌరవంతోనే మార్చలేదు.

మొదటి బటను నొక్కితే ఆ మనిషి ఇచ్చిన నెంబరు అడుగుతుంది. పేరు తర్వాత, నెంబరు ముందు. నెంబరు లేకపోతే "ఆయననే అడగండి, అడిగితే కోపం వచ్చేవాని దగ్గర పైసలు పెట్టవద్దు" అని వస్తుంది. నెంబరు ఇస్తే అది ఏ రకమో, ఆయనకు పైసలు ఎవరు ఇస్తారో ఒక్క వాక్యంలో చెబుతుంది. మీరు ఇస్తారు, లేక కంపెనీ ఇస్తుంది. ఆ వాక్యమే అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలలో ఉంటుంది. దాని కింద సెబీ, యాంఫీ, బీమా నియంత్రణ సంస్థ, వీటిలో దేనికి సంబంధించినదైతే ఆ పట్టికకు దారి. మా మాట నమ్మనవసరం లేదు, అక్కడే చూచుకోవచ్చు. డిపాజిట్ల సంగతి అయితే రిజర్వు బ్యాంకువారు 2016లో పెట్టిన "సచేత్" కు దారి చూపుతుంది. చిట్టీ అయితే 1982 చట్టం కింద రిజిస్ట్రారు అనుమతి కాగితం అడగమంటుంది. ఊరి పేరుకు బదులు పిన్ కోడు పెట్టినాము. జిల్లాలు విడిపోయినా కరీంనగర్ 505001, ఆదిలాబాద్ 504001, అవి అట్లాగే ఉన్నవి. పిన్ కోడు తెలియనివారికి పాత జిల్లా పేరు చెప్పినా, కొత్త జిల్లా పేరు చెప్పినా పనిచేస్తుంది.

రిజిస్టరు అయి ఉన్నాడంటే సరిపోతుందా అని మీరు అడుగుతారు. సరిపోదు. బ్రిటనులో ఏమి జరిగిందో చూడండి. అక్కడ లండన్ క్యాపిటల్ అండ్ ఫైనాన్స్ అనే సంస్థ 2019 జనవరిలో కూలిపోయింది. 11,600 మందికి పైగా జనం, 23 కోట్ల 70 లక్షల పౌండ్లు. ఆ సంస్థ పేరు ప్రభుత్వ నియంత్రణ సంస్థ రిజిస్టరులో ఉన్నదే. జనం వెదికి చూచుకొని, ఉన్నదని ధైర్యపడి పెట్టినారు. కానీ వాళ్ళు అమ్మిన బాండ్లు ఆ నియంత్రణ కిందికి రానివి. రిజిస్టరులో పేరు ఉండటం వేరు, ఆ పనికి రిజిస్టరు అయి ఉండటం వేరు. ఆ తర్వాత 2020లో అక్కడివారు తమ రిజిస్టరును మామూలు జనానికి అర్థమయ్యేటట్టు తిరిగి మార్చవలసి వచ్చింది. అందుకే మా యంత్రంలో "అవును, ఉన్నాడు" అనే జవాబు లేదు. "ఈ పనికి ఉన్నాడు, ఆ పనికి లేడు" అని మాత్రమే వస్తుంది.

రెండవ బటను సంగతి నిజం చెప్పాలంటే కొంచెం నిరాశే. రుసుము తీసుకొని సలహా చెప్పే రిజిస్టరు అయినవారు దేశం మొత్తం మీద వెయ్యికి అటూ ఇటూగా ఉన్నారు. మ్యూచువల్ ఫండ్ అమ్మేవారు లక్షకు పైగా ఉన్నారు. ఆ వెయ్యిమందిలో ఎక్కువమంది పెద్ద పట్టణాలవారే. మన నిర్మల్‌కు, మన కోరుట్లకు వచ్చేసరికి ఏమి మిగులుతుందో మీరే ఆలోచించండి. మా పాత బుద్ధి అయితే ఆ ఖాళీ కనబడకుండా నాలుగు ఏజెంట్ల పేర్లు నింపేవాళ్ళము. ఇప్పుడు ఖాళీ అయితే ఖాళీ అనే చెబుతుంది. దగ్గరలో లేరు, హైదరాబాదువారితో ఫోనులో మాట్లాడవచ్చు, లేదా సెబీవారి ఉచిత ఫోను 1800 266 7575 కు చేయవచ్చు అని చూపుతుంది. సెబీవారు 2024 చివర అర్హతలు కొంత సడలించి, వేరే ఉద్యోగం చేసుకుంటూ కూడా సలహాదారుగా రిజిస్టరు కావచ్చునని మార్పు చేసినారు. కామర్సు చదివిన మన పిల్లలు కొందరు ఆ పరీక్షకు కూర్చుంటే సంతోషిస్తాము. ఫీజు సొసైటీ కడుతుంది, ఈ మాట మినిట్సులో రాయించినాము.

రుసుము అన్నమాట వినగానే చాలామంది ముఖం ముడుచుకుంటున్నారు. "చెప్పినందుకే పైసలా?" అని. ఊరికే చెప్పిన సలహాకు ఒక ఇంటివారు లక్షన్నరకు పైగా పోగొట్టుకున్నారు. ఇంతకంటే ఖరీదైన ఫీజు ఏ సలహాదారూ అడగడు.

కార్యవర్గంలో పెద్ద వాదం ఒక్క విషయం మీద నడిచింది. "హలాల్" అని ఒక గుర్తు పెట్టాలని సగంమంది అన్నారు. వడ్డీ వద్దనుకొనే ఇళ్ళు మనవి. ఆ గుర్తు లేని యంత్రం మనకెందుకు అని వారి మాట. అది న్యాయమైన మాటే. వడ్డీ, సారాయి వంటి వ్యాపారాలు ఉన్న కంపెనీలను విడిచిపెట్టి లెక్కగట్టే నిఫ్టీ 50 షరియా సూచీ ఉన్నది. అటువంటి నియమాలతో నడిచే ఫండ్లు కూడా ఈ దేశంలో ఉన్నవి. కాబట్టి రిజిస్టరు అయిన సలహాదారును ఈ విషయం అడగటానికి ఏ అడ్డమూ లేదు. కానీ మిగతా సగంమంది ఒకటే అడిగినారు: ఆ గుర్తు ఎవరు పెడతారు? ఆయనే పెట్టుకుంటాడా, మేము పెట్టాలా? బెంగుళూరులో మునిగినవాళ్ళు ఆ ఒక్క మాట చూచే కదా పెట్టింది. నాలుగు సమావేశాలు జరిగినవి, ఒకసారి ఇద్దరు లేచి పోయినారు కూడా. చివరికి గుర్తు పెట్టలేదు. రిజిస్ట్రేషన్ చూచుకున్న తర్వాత సలహాదారును అడగవలసిన ప్రశ్నల వరుసలో దానిని చేర్చినాము: "వడ్డీ లేని దారి ఏది? అది వడ్డీ కాదని ఎట్లా తేల్చినారు? కాగితం చూపండి." ఇది అందరికీ నచ్చలేదు, ఇప్పటికీ నచ్చనివారు ఈ హాల్లోనే ఉన్నారు. సమావేశం తర్వాత మాట్లాడుదాము.

నక్షత్రాల సంగతి త్వరగానే తేలిపోయింది. ఇద్దరు పిల్లలూ ఒక్కొక్కరికి ఐదు నక్షత్రాల లెక్కన మార్కులు వేయవచ్చు అన్నారు. మన ఊర్లలో ఎవరి అల్లుడు ఎవరి మామకు ఎన్ని నక్షత్రాలు వేస్తాడో మాకు తెలుసు. వద్దన్నాము. అక్షరక్రమం కూడా తీసివేసినాము. తెరిచిన ప్రతిసారీ వరుస తనకు తానే మారుతుంది, ఇక 'ఏ' అక్షరాలు తగిలించుకొని లాభం లేదు. ప్రతి పేరు పక్కన మేము సర్కారు పట్టిక చూచిన తేదీ ఉంటుంది. నలభై అయిదు రోజులు దాటి ఎవరూ చూడకపోతే ఆ పేరు దానంతట అదే మాయమవుతుంది. పని చేసేవాళ్ళం మనుషులం, మరచిపోతాము, బద్ధకిస్తాము. మా బద్ధకం వల్ల ఎవరికీ నష్టం రాకుండా ఈ ఏర్పాటు. ఈ పని మా రిటైర్డు మాస్టరుగారు నెలనెలా చేస్తున్నారు.

ఇంకొకటి, ఇది చెప్పడానికి కొంచెం మొహమాటంగానే ఉన్నది. ఈ సంచిక చివరి పేజీలలో ప్రకటనలు చూచినారు. వాటితోనే అచ్చు ఖర్చు వెళుతుంది. పైసల వ్యాపారం చేసేవారు ఇద్దరు పోయిన ఏడు పూర్తి పేజీ ప్రకటనలు ఇచ్చినారు. ఈసారి తమ పేరు యంత్రంలో పైన ఉండాలని అడిగినారు. కుదరదన్నాము. రెండు పేజీలు పోయినవి. సంచిక పోయినసారికంటే పలుచగా ఉన్నదని మీలో ఎవరైనా గమనించి ఉంటే కారణం అది.

ఫోను చేతిలో లేనివారి సంగతి మరచిపోలేదు. మన ఇళ్ళల్లో ఫోను చాలాసార్లు కొడుకు దగ్గర ఉంటుంది. ఆ కొడుకే స్కీము చెప్పినవాడైతే? అందుకని ఆదివారం జుహర్ నమాజు తర్వాత అసర్ వరకు ఆఫీసులో ఇద్దరు కూర్చుంటున్నారు, ఒకరు ఆడవారు. కాగితం ముక్క మీద ఆ మనిషి పేరు, నెంబరు రాసి పంపినా చాలు. జవాబు కాగితం మీదే రాసి ఇస్తారు. ఎవరు ఏమి అడిగినారో మా దగ్గర దాచి పెట్టుకోము. ఇద్దత్‌లో ఉన్న ఇంటికైతే మా ఆడవారే వచ్చి కూర్చుంటారు. ఈ ఏర్పాటు ముందు చేయవలసినది.

ఒక మాట స్పష్టంగా మనవి చేస్తున్నాము. మేము సలహాదారులం కాము. ఎక్కడ పెట్టాలో, ఎంత పెట్టాలో ఆఫీసులో కూర్చున్నవారు చెప్పరు. బతిమాలినా చెప్పరు. చెప్పితే ఆ పాత పట్టీకి, దీనికి తేడా ఉండదు.

తయారైన తర్వాత మొదట ఎవరికి చూపాలన్నప్పుడు అందరికీ ఒకే ఆలోచన వచ్చింది. ఆ ఆడకూతురిని పిలిపించినాము. ఆమె వస్తుందో రాదో అనుకున్నాము. అన్నను వెంటబెట్టుకొని వచ్చింది. క్షమించమని అడిగినాము, అధ్యక్షులవారే అడిగినారు. ఆమె ఏమీ అనలేదు. ఫోను తీసుకొని మొదటి బటను నొక్కింది. ఆనాటి పెద్దమనిషి ఇచ్చిన కార్డు ఇంకా పర్సులోనే ఉన్నది. దాని మీది నెంబరు చూచి ఒక్కొక్క అంకె కొట్టింది. "ఈయన బీమా ఏజెంటు. మీరు పాలసీ కొంటే ఈయనకు కంపెనీ పైసలు ఇస్తుంది" అని వచ్చింది. ఆమె దానిని రెండుసార్లు చదివింది. ఫోను దూరంగా పట్టుకొని, మళ్ళీ దగ్గరికి తెచ్చి చూచింది.

"అక్షరాలు ఇంకింత పెద్దగ చెయ్యున్రి భాయ్. మా అమ్మకైతె ఐనక్ లేకుండ కనబడయి" అన్నది.

పిల్లలు ఆ రాత్రే చేసినారు.